షోన్‌బ్రున్ ప్యాలెస్: గదులు ముందా, తోట ముందా?

పిల్లల దగ్గరికని జర్మనీ, ఆస్ట్రియా వెళ్తూ మాకు ఉత్తరాలు రాసే పాఠకుల్లో చాలామంది ఈసారి అడిగింది వియన్నాలోని షోన్‌బ్రున్ ప్యాలెస్ గురించే. ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తుల వేసవి విడిది అది. 1996 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా బాబు మ్యూనిచ్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. జూన్‌లో నేను, మావారు వెళ్తున్నాం. పొద్దున వియన్నా వెళ్లి రాత్రికి తిరిగొద్దామంటున్నాడు. షోన్‌బ్రున్ ఒక్క పూటలో అవుతుందా? ఏది ముందు చూడాలి?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: అవుతుంది కానీ అలా వెళ్లొద్దనే చెప్తాం. మ్యూనిచ్ నుంచి వియన్నాకు రైలు దాదాపు నాలుగు గంటలు. రానుపోను ఎనిమిది గంటలు కుర్చీలోనే పోతాయి. మీరు ప్యాలెస్ చేరేది సరిగ్గా టూరిస్టు బస్సులన్నీ వచ్చి ఉండే పదకొండు, పన్నెండు గంటల వేళకు. ఒక రాత్రి వియన్నాలో ఉండి, మర్నాడు పొద్దున్నే మొదటి స్లాట్‌లో లోపలికి వెళ్తే అదే ప్యాలెస్ సగం జనంతో కనిపిస్తుంది. సాధారణంగా ఎనిమిదిన్నర ప్రాంతంలో తెరుస్తారు. కాలాన్ని బట్టి వేళలు మారతాయి కాబట్టి మీరు వెళ్లే తేదీకి చూసుకోండి.

రైలు గురించి ఒక్క మాట. మ్యూనిచ్ నుంచి వచ్చే రైల్‌జెట్ అనే వేగరైలు వియన్నా మెయిన్ స్టేషన్ కన్నా ముందు మైడ్లింగ్‌లో ఆగుతుంది. నేరుగా ప్యాలెస్‌కే వెళ్లేవాళ్లు అక్కడ దిగితే మేలు. యూ6 మెట్రోలో రెండు స్టేషన్లు వెళ్తే లేంగెన్‌ఫెల్డ్‌గాసె వస్తుంది. అక్కడ యూ4కు మారితే మళ్లీ రెండో స్టేషనే షోన్‌బ్రున్. మెయిన్ స్టేషన్‌లో దిగితే యూ1లో కార్ల్స్‌ప్లాట్స్‌కు వచ్చి, అక్కడి నుంచి హ్యుటెల్‌డోర్ఫ్ వైపు వెళ్లే యూ4 ఎక్కాలి. ఆరో స్టేషన్‌లో దిగాలి. కాగితం టికెట్ కొంటే మెట్రో ప్లాట్‌ఫామ్‌కు వెళ్లే దారిలో ఉండే చిన్న మెషిన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవడం మరవొద్దు. అక్కడ గేట్లు ఉండవు, ఎవరూ ఆపరు. తనిఖీకి వచ్చినప్పుడు ముద్ర లేకపోతే మాత్రం టికెట్ ఉన్నా జరిమానానే.

ఇక వరుస. పొద్దున్నే గదులు, తర్వాత తోట. దీనికి జనం ఒక్కటే కారణం కాదు. తోటను ముందు మేడ మీది కిటికీలోంచి చూసి, ఆ తర్వాత అందులోకి దిగితేనే అది ఎందుకలా ఉందో అర్థమవుతుంది. ఆ సంగతి కింద ఇంకో జవాబులో వివరంగా చెప్పాం.

గదులకు గంట, గంటంపావు. బయటికి రాగానే ఎదురుగా పూలమళ్లు, వాటి చివర కొండ కింద నెప్ట్యూన్ ఫౌంటెన్. అక్కడి నుంచి నేరుగా కొండెక్కకుండా ఎడమకు, అంటే తూర్పు వైపు తిరగండి. చెట్ల మధ్య రోమన్ శిథిలం, ఇంకా ముందుకు పోతే ఒబెలిస్క్ స్తంభం వస్తాయి. చాలామంది ఈ వైపు రారు కాబట్టి ప్రశాంతంగా ఉంటుంది. మళ్లీ వెనక్కి వచ్చి కొండెక్కితే గ్లోరియెట్ అనే తోరణాల కట్టడం. దిగేటప్పుడు వచ్చిన దారిన కాక పడమటి వైపు దిగితే జూ, పామ్ హౌస్ అనే మొక్కల గాజు భవనం మీదుగా హీట్సింగ్ గేటుకు చేరతారు. అదీ యూ4 స్టేషనే, షోన్‌బ్రున్ తర్వాతది. ఒక స్టేషన్‌లో దిగి ఇంకో స్టేషన్‌లో ఎక్కుతారు కాబట్టి నడిచిన దారే మళ్లీ నడిచే పని చాలావరకు తప్పుతుంది. జూలోకి వెళ్లకపోతే మొత్తం నాలుగైదు గంటలు పెట్టుకోండి.

సూట్‌కేసులతో ప్యాలెస్‌కు పోవద్దు. వాటిని స్టేషన్ లాకర్లో పెట్టి బయల్దేరండి. వీపు సంచులు, గొడుగులు గదుల్లోకి తీసుకెళ్లనివ్వరు. ప్రవేశం దగ్గర ఇచ్చి వెళ్లాలి.

ప్రశ్న: టికెట్లు రకరకాలుగా ఉన్నాయి. ఏది కొనాలి? అక్కడికి వెళ్లాక కొంటే కాదా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు ఒకటి తేల్చుకోండి. తోటకు టికెట్ లేదు. పొద్దున్నే గేటు తీసినప్పటి నుంచి ఎవరైనా వెళ్లొచ్చు, ఊరివాళ్లు రోజూ జాగింగ్‌కు వచ్చేది అక్కడికే. టికెట్ గదులకు, జూకు, పామ్ హౌస్‌కు, చిట్టడవిలాంటి మేజ్‌కు, గ్లోరియెట్ పైకప్పు మీద నుంచి చూడడానికి. వేటికవే.

ప్యాలెస్‌లో 1,441 గదులున్నాయి. చూడడానికి తెరిచింది దాదాపు 40. వాటన్నిటినీ చూపించే పెద్ద దారి ఒకటి, కొన్ని గదులే చూపించే చిన్న దారి ఒకటి ఉంటాయి. ఈ టికెట్ల పేర్లు మధ్యమధ్య మారుస్తుంటారు కాబట్టి పేరు చూసి కాక గదుల లెక్క చూసి కొనండి. అంత దూరం పోయాక పెద్దదే తీసుకోవాలని మా సలహా. రెండింటికీ సమయంలో తేడా ఓ ఇరవై, ముప్పై నిమిషాలు. 18వ శతాబ్దంలో ఆస్ట్రియాను ఏలిన మరియా తెరీసా మహారాణి కాలంనాటి ఖరీదైన గదులు కొన్ని పెద్ద దారిలోనే వస్తాయి.

టికెట్ మీద లోపలికి వెళ్లాల్సిన సమయం అచ్చయి ఉంటుంది. ఎండాకాలంలో కౌంటర్ దగ్గరికి వెళ్లి అడిగితే రెండు, మూడు గంటల తర్వాతి స్లాట్ చేతిలో పెడతారు, ఒక్కోసారి ఆ రోజుకు అయిపోయాయంటారు. అందుకని ఇంట్లోనే, ప్యాలెస్ సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. గూగుల్‌లో వెతికితే పైన వచ్చేవాటిలో చాలావరకు మధ్యవర్తులవి. గైడ్‌ను జోడించి ధర పెంచి అమ్ముతారు. మోసమని అనలేం గానీ, తేదీ మార్చుకోవాల్సి వస్తే ఎవరిని అడగాలో తెలియక చిక్కుపడతారు. మెట్రో స్టేషన్ నుంచి ప్రవేశం దాకా నడక, సంచులు అప్పజెప్పడం, బాత్‌రూమ్, అన్నిటికీ కలిపి స్లాట్‌కు అరగంట ముందే స్టేషన్‌లో దిగేలా చూసుకోండి.

ఆడియో గైడ్ తెలుగులో లేదు. ఇంగ్లిష్‌ది తేలిక భాషలోనే ఉంటుంది. గది నంబరు నొక్కితే ఆ గది గురించి చెప్తుంది.

ప్రశ్న: నేను చరిత్ర చెప్పే టీచర్‌ని. బరోక్ శైలి అని పుస్తకాల్లో చదవడమే తప్ప ఎలా గుర్తుపట్టాలో తెలియదు. అక్కడికి వెళ్లినప్పుడు ఏం చూస్తే ఆ శైలి అర్థమవుతుంది?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: బంగారు పూతల్ని, నగిషీల్ని కాసేపు పక్కన పెట్టి గీతను చూడండి. బరోక్ ప్యాలెస్ ఒక గీత మీద కూర్చుంటుంది. షోన్‌బ్రున్‌లో ఆ గీత ముందు గేటు దగ్గర మొదలై, పెద్ద వాకిలి మధ్యగా వచ్చి, ప్యాలెస్ నడుముగుండా వెనక్కి పోయి, పూలమళ్ల మధ్య నుంచి ఫౌంటెన్ దాటి కొండ మీద గ్లోరియెట్‌లో ఆగుతుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు కిలోమీటరు. కుడివైపు ఏముందో ఎడమవైపూ అదే. రాజు నిలబడ్డ చోటి నుంచి కనుచూపు మేర అంతా ఆయన చెప్పినట్టే ఉందని చూసేవాడికి అనిపించాలి. ఆ శైలి ఉద్దేశమే అది.

మీ ఊరి కోటతో పోల్చుకుంటే తేడా వెంటనే పట్టుబడుతుంది. ఖిలా వరంగల్‌లో మట్టికోట, రాతికోట వలయాలుగా చుట్టుకుని, నడుమ నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు నిలిచి, చూపును గుడి ఉన్న నడిబొడ్డుకు లాగుతాయి. షోన్‌బ్రున్‌లో చూపు నడుమ ఆగదు, బయటికి పరుగెత్తుతుంది. కాపలా గోడలతో పనిలేని రోజుల కట్టడం అది.

కథ కూడా ఈ గీతలోనే ఉంది. వాస్తుశిల్పి జొహాన్ బెర్న్‌హార్డ్ ఫిషర్ ఫాన్ ఎర్లాఖ్ మొదట గీసిన పథకంలో ప్యాలెస్ ఉన్నది కొండ కింద కాదు, కొండ పైన. కింది నుంచి అంచెలంచెలుగా మెట్ల వేదికలు, నీటి ధారలు, వాటి నెత్తిన రాజభవనం. కాగితం మీదే మిగిలిపోయిన ఊహ అది. తర్వాత ఇంకాస్త చిన్నగా గీసిన పథకంతో 1696లో కొండ కింద పని మొదలైంది. 1740ల్లో మరియా తెరీసా కాలంలో నికొలస్ పకాసీ దాన్ని మార్చి ఇప్పటి రూపానికి తెచ్చాడు. కొండ మాత్రం ఖాళీగా ఉండిపోయింది. చివరికి 1775లో హొహెన్‌బెర్గ్ దాని మీద గ్లోరియెట్ కట్టాడు. కాపురానికి కాదు, నడుమ ఒక హాలు, అటూఇటూ వరుస తోరణాలు. దాని స్తంభాలు, రాతి నగిషీలు కొన్ని నోయ్‌గెబాయ్‌డె అనే పాత రాజభవనం నుంచి ఊడదీసి తెచ్చినవి. మీరు పైకెక్కి వెనక్కి తిరిగి చూసే చోటు, ఫిషర్ మొదట ప్యాలెస్‌ను ఊహించుకున్న చోటు.

ఇప్పుడు తోట. రాజకుటుంబం ఉండేది, అతిథులను కూర్చోబెట్టేది పై అంతస్తులో. పూలమళ్లు గీసింది అక్కడి నుంచి చూడడానికే. వాకిట్లో నిలబడి చూస్తే పొట్టి మొక్కల వరుసలే కనిపిస్తాయి, మేడెక్కి చూస్తే ముగ్గు తెలుస్తుంది. కాబట్టి గదులు చూసేటప్పుడు పెద్ద గ్యాలరీలోనే సమయమంతా గడిపేయకండి. అది ముందు వాకిలి వైపు ఉంది. దాని వెనకనే ఉండే చిన్న గ్యాలరీ తోట వైపుది. అక్కడ కిటికీ దగ్గర రెండు నిమిషాలు నిలబడి ఫౌంటెన్ దాకా, దాని మీదుగా గ్లోరియెట్ దాకా చూపు సారించండి. మీ క్లాసులో బోర్డు మీద గీయాల్సిన బొమ్మ అదే.

పూలమళ్లకు ఇరువైపులా పాలరాతి విగ్రహాలు 32. గ్రీకు, రోమన్ పురాణాలవి. జొహాన్ విల్‌హెల్మ్ బేయర్, ఆయన శిల్పులు 1770ల్లో చెక్కారు. వాటి వెనక గోడల్లా నిలువుగా కత్తిరించిన చెట్ల వరుసలున్నాయి చూడండి, అవి అడవి కాదు. తోటమాలులు ఏటా కత్తిరించి నిలబెట్టిన ఆకుల గోడలు. వాటి మధ్య ఏటవాలు దారులు నక్షత్రంలా వచ్చి కలుస్తాయి. ఆ కూడళ్లలో నిలబడితే ప్రతి దారి చివరా ఏదో ఒకటి, ఒక విగ్రహమో, ఫౌంటెనో, గ్లోరియెటో కనిపిస్తుంది. ఏమీ లేని దారి కనిపిస్తే కొంచెం పక్కకు జరిగి చూడండి. చాలాసార్లు మనం గీతకు పక్కగా నిలబడి ఉంటాం.

రోమన్ శిథిలం దగ్గర మీ పిల్లలకు చెప్పడానికి మంచి సంగతి ఒకటుంది. ఖిలా వరంగల్‌లో పడి ఉన్న రాళ్లు నిజంగా కూలినవి. ఇక్కడివి 1778లో కూలినట్టుగా కట్టినవి. సగం మట్టిలో పాతేసిన తోరణం, విరిగినట్టు చెక్కిన స్తంభాలు, అన్నీ కావాలని చేసినవే. పక్కనే ఉన్న ఒబెలిస్క్ మీది ఈజిప్టు అక్షరాలూ అంతే. దాన్ని నిలబెట్టిన 1777 నాటికి ఆ లిపి చదవగలిగినవాళ్లు ప్రపంచంలో ఎవరూ లేరు. ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ దాన్ని విప్పింది 1822లో.

ఒక హెచ్చరిక. గదుల లోపల మీకు కనిపించే అలంకారాన్ని బరోక్ అని పిల్లలకు చెప్పకండి. కట్టడం లెక్క బరోక్. లోపలి గవ్వల నగిషీ, తెల్లగోడల మీద సన్నని బంగారు తీగలు చాలావరకు మరియా తెరీసా కాలపు రొకోకో. బరోక్ బరువుగా, గంభీరంగా ఉంటుంది. రొకోకో తేలిక, కుడిఎడమలు సమంగా ఉండాలన్న పట్టింపు కూడా దానికి తక్కువ. పెద్ద గ్యాలరీ పొడవు 43 మీటర్లు, వెడల్పు దాదాపు 10. కప్పు మీద గులియెల్మి వేసిన చిత్రాల్లో తూర్పు చివరిది రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుకు పోయింది. ఇప్పుడున్నది నకలు. కిటికీలకు ఎదురుగా అంతంత అద్దాలు ఎందుకంటే, కొవ్వొత్తుల కాలంలో వెలుతురును రెట్టింపు చేయడానికి. 1961లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ, సోవియట్ నేత క్రుశ్చేవ్ కలిసినప్పుడు విందు జరిగింది ఈ ప్యాలెస్‌లోనే.

ప్రశ్న: అక్కడ మన మొగలు చిత్రాలతో చేసిన గది ఉందని విన్నాను. నిజమేనా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: నిజమే. మిలియన్ల గది అంటారు. గోడలకు వేసిన రోజ్‌వుడ్ జాతి చెక్క ఖరీదును బట్టి ఆ పేరు. ఆ చెక్కలో బంగారు పూత వంకీల చట్రాలు బిగించి, ఒక్కో చట్రంలో మన దేశపు సూక్ష్మచిత్రాలు పెట్టారు. మొగలు పాదుషాల కొలువు, వేట, అంతఃపురం.

తొందరపడి దాటిపోకుండా ఒక చట్రానికి వీలైనంత దగ్గరగా నిలబడి చూడండి. చట్రాలు వంకరటింకరవి, చిత్రాలేమో నలుచదరంవి. అవి ఇందులో ఎలా ఇమిడాయి? కత్తిరించారు. రాజకుటుంబంలోనివాళ్లే చిత్రాల్లోంచి మనుషుల్ని, చెట్లను, గుర్రాలను విడదీసి, వేరే చిత్రాల్లోని ముక్కలతో కలిపి అతికించారు. ఒక చిత్రంలోని ఆకాశం కింద ఇంకో చిత్రంలోని మనిషి కూర్చుని ఉంటాడు. అతుకు దగ్గర రంగు మారడం, నేల గీత తెగిపోవడం ఓపిగ్గా వెతికితే కనిపిస్తాయి. మన కళ్లకు అది కాస్త కష్టంగానే ఉంటుంది, దాచుకోవడమెందుకు. రెండు వైపులా ఎదురెదురుగా అద్దాలు ఉండడంతో గది అంతులేకుండా సాగిపోతున్నట్టు కనిపిస్తుంది. టికెట్ కొనేముందు ఈ గది ఉందో లేదో చూసుకోండి. 40 గదుల దారిలో ఉంటుంది.

అదే వరుసలో పింగాణీ గది ఉంది. గోడలనిండా నీలం, తెలుపు. పేరు పింగాణీయే గానీ ఆ అల్లిక అంతా చెక్క, పింగాణీలా కనిపించేలా రంగు వేశారు. గదుల మూలల్లో నిలువెత్తు తెల్లని పొయ్యిలు కనిపిస్తే వాటికి తలుపు ఎక్కడుందో వెతకండి, దొరకదు. గోడ వెనక సన్నని నడవాలోంచి పనివాళ్లు కట్టెలు వేసేవారు. బూడిద, పొగ, మనిషి, ఏవీ గదిలోకి రాకూడదు.

ఇంత ఆర్భాటం తర్వాత చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ పడకగదిలో ఉండేది మామూలు ఇనుప మంచం. 1848 నుంచి 68 ఏళ్లు ఏలిన ఆయన ఈ ప్యాలెస్‌లోనే 1830లో పుట్టి, 1916లో ఆ మంచం మీదే పోయాడు.

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. కొండెక్కగలదా? లేకపోతే కిందే కూర్చోబెట్టి మేం వెళ్లిరావాలా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: కూర్చోబెట్టకండి. మార్చి నుంచి శరత్కాలం దాకా పార్కులో చిన్న రైలులాంటి బండి తిరుగుతుంది. రోడ్డు మీద చక్రాలతో నడిచేదే. గ్లోరియెట్ దగ్గర ఆగుతుంది. ఒకే టికెట్‌తో దిగుతూ ఎక్కుతూ పోవచ్చు. వాన పడితే, జనం లేకపోతే ట్రిప్పులు తగ్గిస్తారు కాబట్టి చివరి బండి ఎప్పుడో ఎక్కేటప్పుడే అడగండి. పైన చిక్కుకుపోతే దిగడమే ఎక్కడం కన్నా మోకాళ్లకు కష్టం.

ప్యాలెస్ లోపలికి లిఫ్టు ఉంది. వీల్‌చెయిర్ కావాలంటే ముందుగా మెయిల్ పెట్టండి. గదుల్లో కూర్చోవడానికి చోటు తక్కువ. గంటసేపు నిలబడే ఉండాల్సి వస్తుంది. ఆమెకు అది కష్టమైతే ఆమె ఒక్కరికి చిన్న దారి టికెట్ తీసుకోండి.

చెప్పులు మాత్రం వద్దు. దారులన్నీ సన్న కంకర. చెప్పులోకి రాయి దూరి నాలుగడుగులకోసారి ఆగాలి. వెనక పట్టీ ఉన్న మెత్తటి బూట్లు వేయించండి. చీర కుచ్చిళ్లు కాస్త పైకి కట్టుకుంటే దుమ్ము పట్టదు. ఆ కంకర తెల్లగా ఉండడంతో మధ్యాహ్నం ఎండ కింది నుంచి కళ్లలోకి కొడుతుంది. పూలమళ్ల దగ్గర నీడ ఉండదు, పక్కనున్న చెట్ల దారుల్లో బెంచీలున్నాయి, అటు నడిపించండి.

ప్రశ్న: ఫొటోలు ఎప్పుడు బాగొస్తాయి?
– ఒక పాఠకురాలు, పెద్దపల్లి

జవాబు: గ్లోరియెట్ ప్యాలెస్‌కు దక్షిణాన ఉంది. కింది నుంచి దాన్ని మధ్యాహ్నం తీస్తే సూర్యుడు ఎదురుగా ఉండి మనుషుల ముఖాలు నల్లగా వస్తాయి. దాన్ని పొద్దునో సాయంత్రమో తీయండి. కొండ మీద నుంచి ప్యాలెస్‌ను, వెనక వియన్నా ఊరిని తీయడానికి మాత్రం పట్టపగలు కూడా పనికొస్తుంది, ఎండ మీ వెనక ఉంటుంది. జూన్‌లో తొమ్మిది దాకా వెలుతురుంటుంది కాబట్టి కొండను సాయంత్రానికి ఉంచుకున్నా పర్వాలేదు. గేట్లు మూసే వేళ ముందే చూసి పెట్టుకోండి.

ఇంకొకటి. ఏటా వేసవి మొదట్లో, ఎక్కువగా జూన్‌లో, వియన్నా ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం ఈ తోటలో ఉచిత కచేరీ చేస్తుంది. సంగీతం ఇష్టమైతే అంతకన్నా భాగ్యం లేదు. ఫొటోలే కావాలంటే ఆ వారం తప్పించుకోండి. వేదిక, లైట్ల స్తంభాలు, కుర్చీలు సరిగ్గా ఆ గీత మీదే పరుస్తారు. కచేరీ రోజు మామూలు సందర్శకులకు దారులూ మూస్తారు.

ప్రశ్న: మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. అక్కడ ఏం దొరుకుతుంది?
– ఒక పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: పేరు చూసి మోసపోయేవి మూడు. మొదటిది సూప్. సన్నగా తరిగిన దోసె ముక్కల్లాంటివి తేలుతుంటాయి, మాంసం కనపడదు, కానీ ఆ రసం గొడ్డు మాంసం ఉడికించినది. రెండోది బంగాళాదుంప సలాడ్. వియన్నా పద్ధతిలో దాన్నీ చాలాచోట్ల అదే రసంతో కలుపుతారు. మూడోది పల్చటి పిండిలో ఆపిల్ ముక్కలు చుట్టి కాల్చే ఆపిల్ స్ట్రూడెల్. దాని పిండిలో మామూలుగా గుడ్డు ఉండదు కానీ పక్కన పోసే వెనీలా సాస్‌లో పచ్చసొన ఉంటుంది. సాస్ వద్దని చెప్పి, పిండి సంగతి అడిగి తీసుకోండి. కైజర్‌ష్మార్న్ అనే తీపి అట్టు ముక్కలు పూర్తిగా గుడ్డుతోనే. మెనూలో ‘వెగాన్’ అని ఉన్నది తీసుకుంటే గుడ్డు, పాలు రెండూ ఉండవు. ‘వెగెటారిష్’ అంటే గుడ్డు ఉండొచ్చు.

పులిహోరో చపాతీలో కట్టుకుని పోవచ్చు. బెంచీ మీద కూర్చుని తినండి, పచ్చిక మీద దుప్పటి పరవకండి. నీళ్ల బాటిల్ కొనాల్సిన పనిలేదు. వియన్నా కుళాయి నీళ్లు ఆల్ప్స్ కొండల ఊటల నుంచి గొట్టాల్లో వచ్చేవి. మొదటి గొట్టపు మార్గం 1873 నాటిది. నేరుగా పట్టుకుని తాగొచ్చు. టాయిలెట్లకు చిల్లర నాణేలు దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: పిల్లలు ఆరు, తొమ్మిదేళ్లవాళ్లు. ప్యాలెస్‌లో విసుగొస్తుందేమో?
– ఒక పాఠకుడు, రామగుండం

జవాబు: నలభై గదులకు వస్తుంది, తప్పదు. వాళ్లతో చిన్న దారి చాలు. తోపుడు బండి గదుల్లోకి రానివ్వరు. ఆరేళ్ల మోట్సార్ట్ 1762లో మరియా తెరీసా ముందు వాయించింది ఇక్కడి అద్దాల గదిలోనే అంటారు. ఆ మాట చెప్తే ఆరేళ్ల పిల్లాడు ఒక నిమిషం ఆగుతాడు. తర్వాత మేజ్‌కు తీసుకెళ్లండి. పాతకాలపు నమూనా మీద 1999లో మళ్లీ నాటారు. చలికాలంలో మూసేస్తారు.

జూను ‘దారిలో ఒక గంట’ అనుకోవద్దు. 1752లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తున్న జూల్లో ప్రపంచంలోకెల్లా పాతది. నడుమ ఎనిమిది మూలల మండపం, దాని చుట్టూ చక్రం ఆకుల్లా జంతువుల ఆవరణలు. మండపంలో కూర్చుంటే అన్నీ కనిపించేలా కట్టారు. అక్కడా అదే బరోక్ లెక్క. పాండాలున్నాయి. మూడు, నాలుగు గంటలు పడుతుంది. ప్యాలెస్, జూ ఒకే రోజు పెడితే సాయంత్రానికి పిల్లల కన్నా ముందు పెద్దవాళ్లు కూలబడతారు.

ప్రశ్న: డిసెంబరులో వెళ్తే దండగేనా?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: గదులకు దండగ కాదు, తోటకు సగం దండగ. పూలుండవు, ఫౌంటెన్లు ఆపేస్తారు, నాలుగింటికే పొద్దుగూకుతుంది. ముందు వాకిట్లో క్రిస్మస్ బజారు పెడతారు, అది బాగుంటుంది. 1882లో ఇనుము, గాజుతో కట్టిన పామ్ హౌస్ 111 మీటర్ల పొడవు. చలి, సమశీతోష్ణం, ఉష్ణం అని మూడు భాగాలు. తెరిచి ఉంటే చలికాలంలో అదే హాయి. బయటి నుంచి వేడి గదిలోకి వెళ్లగానే కళ్లజోడుకు, కెమెరాకు ఆవిరి పట్టేస్తుంది. కెమెరాను పది నిమిషాలు సంచిలోనే ఉంచి తర్వాత తీయండి.

ప్రశ్న: జర్మనీ వీసాతో ఆస్ట్రియా వెళ్లొచ్చా? వేరే వీసా కావాలా?
– ఒక పాఠకురాలు, ఆదిలాబాద్

జవాబు: రెండూ షెంగెన్ దేశాలే, ఒక్క వీసా చాలు. దరఖాస్తు మాత్రం ఎక్కువ రోజులు ఎక్కడుంటారో ఆ దేశానికే పెట్టాలి. రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. మ్యూనిచ్‌లో నెల, వియన్నాలో రెండు రోజులైతే జర్మనీకి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టొచ్చు, పదిహేను రోజుల కన్నా దగ్గరగా వద్దు. పెద్దలకు ఫీజు 90 యూరోలు, వీసా దరఖాస్తు కేంద్రం వాళ్ల సర్వీసు ఛార్జీ వేరు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అది షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించాలి. బీపీ, షుగర్‌లాంటి పాత జబ్బులకు చాలా పాలసీలు డబ్బివ్వవు, కొనేముందు ఆ షరతు చదవండి. మీ ఖర్చు పిల్లలు భరిస్తుంటే వాళ్లు జర్మనీలో ఉన్న ఊరి విదేశీయుల కార్యాలయంలో హామీ పత్రం తీసుకుని అసలు ప్రతిని పంపాలి. దాని అపాయింట్‌మెంట్‌కే వారాలు పట్టొచ్చు కాబట్టి ఆ పని ముందు మొదలుపెట్టించండి.

చాలామంది చేసే పొరపాటు, రెండు రోజులకే కదా అని పాస్‌పోర్టు మ్యూనిచ్ ఇంట్లో వదిలి వియన్నా వెళ్లడం. ఆస్ట్రియా నుంచి తిరిగొచ్చే రైళ్లలో జర్మనీ పోలీసులు సరిహద్దు దగ్గర తనిఖీ చేస్తారు. ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు.

ప్రశ్న: వియన్నాలో మాకు రైలు మారడానికి మధ్య నాలుగు గంటలే ఉన్నాయి. షోన్‌బ్రున్ వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, భూపాలపల్లి

జవాబు: వద్దు, బెల్వెడేర్‌కు వెళ్లండి. అదీ బరోక్ ప్యాలెస్సే, తుర్కులతో యుద్ధాలు గెలిచిన యూజీన్ యువరాజు కోసం హిల్డెబ్రాంట్ కట్టాడు. మెయిన్ స్టేషన్ నుంచి పది, పదిహేను నిమిషాల నడక. సామాను స్టేషన్ లాకర్లో పెట్టి బయల్దేరండి. రెండు భవనాలు, కిందిది 1716, పైది 1723, మధ్యలో వాలు తోట. స్టేషన్ వైపు నుంచి వస్తే ముందు తగిలేది పై భవనమే, కాబట్టి తోటలో కిందికి దిగుతూ పోతారు. తోటకు ఇక్కడా టికెట్ లేదు. పై భవనం టికెట్ తీసుకుంటే చిత్రకారుడు క్లిమ్ట్ వేసిన ‘ముద్దు’ చిత్రం, 1955లో ఆస్ట్రియా స్వాతంత్ర్య ఒప్పందం మీద సంతకాలు జరిగిన పాలరాతి హాలు చూడొచ్చు. గంటన్నర లోపల, అరగంట తోట, మిగతాది నడక. కింది భవనం చివర దాకా పోతే తిరిగి స్టేషన్‌కు ఎగువ నడక అవుతుంది. దానికి బదులు దగ్గర్లోని స్టాపులో మెయిన్ స్టేషన్‌కు వెళ్లే ట్రామ్ చూసుకుని ఎక్కి రండి.